దీపాలవాడి పేజీ

జూన్ 4

అక్కా,

కుశల ప్రశ్నలు తర్వాత, ముందు అసలు వార్త. "ఏడు రేవులు" టీవీ సీరియల్ తేదీ చెప్పేశారు! అక్టోబరు మొదటి ఆదివారం, సాయంత్రం ఆరింటికి. నిన్న వార్తల మధ్యలో అర నిమిషం ట్రైలర్ వేశారు. ఏడు రేవులూ వరసగా చూపించారు. ఉప్పురాణి తెల్ల ఓడ చూపించారు. చివర్లో కొండకొమ్ము మీద దీపపు గది, అందులో ఎవరో అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఇంకెవరు, మన దీపాలవాడే! నలభై మంది ఒక్కసారి కేక పెడితే హాల్లో గొడవ మొదలైందనుకుని వార్డరు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

వీళ్ళందరికీ ఈ పిచ్చి అంటించింది నేనే. కుర్చీల షెడ్డులో నవారు అల్లుతూ రోజుకింత చొప్పున "ఏడు రేవులు" ఐదు భాగాలూ చెప్పేశాను. నేను ఒక్క పేజీ కూడా కళ్ళతో చదవలేదనీ, అంతా మా అక్క చదివి వినిపిస్తే విన్నదేననీ చెప్పలేదులే. ఉన్న కాస్త పరువూ ఎందుకు తీసుకోవాలి?

ఇక్కడొక వడ్రంగి ఉన్నాడు. సొంత తమ్ముణ్ణి కొట్టి చంపి వచ్చాడు. ఎనిమిదేళ్ళుగా "ఊఁ", "ఉహూఁ" తప్ప మాటే లేదు. దీపాలవాడు ఆకాశపడవల ఊరేగింపు చూడ్డానికి కిందికి దిగడం, ఈలోగా దీపం ఆరిపోవడం, నలభై పడవలు రాళ్ళకు కొట్టుకుని ముక్కలవడం చెబుతుంటే చేతిలో ఉలి పక్కన పెట్టేశాడు. తర్వాత ఊరు ఊరంతా కట్టమీదికి రావడం, ఒక్కొక్కరూ గరిటెడు నూనె తెచ్చి ఆరిపోయిన దీపంలో పోయడం చెప్పాను. ఆ ముసలి విధవరాలు "చీకటి చేసినవాడికే వెలుగు విలువ తెలుస్తుంది, దీపం వాడికే ఇవ్వండి" అంటుంది కదా, అక్కడ వడ్రంగి "మళ్ళీ చెప్పు" అన్నాడు. అప్పట్నుంచి వారానికోసారి చెప్పిస్తున్నాడు.

నాకూ అదే కావాలి. నీకు తెలుసు కదా, మూడేళ్ళ కిందట ఇదే సీరియల్ మొదటి ప్రకటన వచ్చినప్పుడు నేను రైల్వే గేటు గదిలో ఫోన్లో ఆ వీడియో చూస్తూ రైలు గంట వినిపించుకోలేదు. గేటు లేచే ఉంది. వ్యానులో ఐదుగురు. ఆ వీడియో నాకెవరు పంపారని కోర్టులో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పను కూడా.

మూడో భాగం పంపు అక్కా. ఇక్కడి లైబ్రరీలో మొదటి రెండే ఉన్నాయి. ఆ పేజీ ఒక్కసారైనా నా కళ్ళతో చూసుకోవాలని ఉంది.

అమ్మ తుంటి నొప్పి ఎలా ఉంది?

నీ తమ్ముడు


జూన్ 19

తమ్ముడూ,

నీ ఉత్తరం అందేసరికి పన్నెండు రోజులు పట్టింది. మధ్యలో ఎవరో విప్పి చదివి మళ్ళీ అంటించారు, అదీ వంకరగా. అంటించడం నేర్చుకోవాలంటే మా ప్రెస్సుకు రమ్మను.

ఇక్కడా అదే గోల. నాతో కూర్చునే కొత్తమ్మాయి చొక్కాకు ఏడు రేవుల బిళ్ళ పెట్టుకుని వస్తోంది. మా పని తెలుసు కదా, ఆమె మూలప్రతి పైకి చదువుతుంది, నేను అచ్చుప్రతిలో వేలు పెట్టి దిద్దుకుంటూ పోతాను. నిన్న జ్వరం మాత్రల కాగితం చదువుతూ "రోజుకు మూడు ఓడలు" అనేసింది. దొరికింది కాబట్టి సరిపోయింది. ఉప్పురాణిగా వేసే ఆవిడ మరీ పొట్టి అని మా మేనేజరు, ఎత్తుదేముంది నడక చూడండి అని ఈ పిల్ల, మధ్యలో టీ చల్లారిపోయింది. దీపాలవాడు మాత్రం ఎవరో కొత్త నటుడట. పేరు కూడా ఎవరూ వినలేదు.

మూడో భాగం సంగతి. మన దగ్గరున్నది కుట్లు ఊడిపోయి కట్టలు కట్టలుగా ఉంది. మళ్ళీ అచ్చు వేయలేదు. పైగా గట్టి అట్ట పుస్తకాలు మీవాళ్ళు లోపలికి రానివ్వరని విన్నాను. చూద్దాం.

ఒక్క మాట. ఈ సీరియల్ మీద మరీ అంత ఆశ పెట్టుకోకు. మనం విన్నదొకటి, వాళ్ళు చూపించేదొకటి అవుతుంది. ముఖ్యంగా ఆ దీపాలవాడి ఘట్టం.

అమ్మ లేచి నాలుగడుగులు వేస్తోంది. నీకు చలికి వీపు పట్టేస్తుందని, వెచ్చగా ఉండమని రాయమంది. నీలం స్వెట్టరు తనే రంగు చూసి తెప్పించింది. సరిపోయిందా అని రోజూ నా ప్రాణం తీస్తోంది.

అక్క


జూలై 8

అక్కా,

నీ ఉత్తరం షెడ్డులో పైకి చదివాను. చదవకుండా ఉండాల్సింది, అగ్గి రాజేసినట్టయింది.

"ముఖ్యంగా దీపాలవాడి ఘట్టం" అని నువ్వంత కచ్చితంగా రాశావంటే నీకేదో తెలిసిందన్నమాట. ప్రెస్సులో ఉన్నదానివి, నాలుగు వార్తలు చెవిన పడతాయి. మార్చేస్తున్నారా? ఏం చేస్తున్నారు వాణ్ణి? అరవయ్యేళ్ళుగా లోకమంతా చదువుతున్న పుస్తకాన్ని మార్చడానికి వీళ్ళెవరు?

మేం ఊరుకోలేదు. నలభై ఒక్కమందిమి సంతకాలు పెట్టి ఆ కంపెనీకి అర్జీ పంపాం. "మూలంలో ఉన్నది ఉన్నట్టు తీయవలెను. దీపాలవాడికి ఊరివారు నూనె పోయు ఘట్టము తొలగించరాదు, మార్చరాదు" అని. భాష మా షెడ్డులోనే ఉండే లారీ పెద్దాయనది, బయట ఉండగా అర్జీలు రాసి రాసి చెయ్యి తిరిగింది. సూపరింటెండెంటు చదివి నవ్వాడు గానీ ముద్ర వేసి పంపాడు. వడ్రంగి అందరికంటే ముందు సంతకం చేశాడు, కాగితం చిరిగేంత నొక్కి.

ఇంకో సంగతి. నవంబరులో నా ముందస్తు విడుదల విచారణ. చనిపోయినవాళ్ళ కుటుంబాల్లో ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. వాళ్ళు వద్దంటే వద్దే. అందుకని కాదు గానీ, ఎన్నాళ్ళుగానో రాయాలనుకుంటున్న ఉత్తరాలు ఐదిళ్ళకూ రాశాను. నాలుగిళ్ళకు నాకు తోచినట్టు రాశాను. ఐదోది టైలరుగారికి. వ్యానులో ఆయన కూతురుంది, పాతికేళ్ళ పిల్ల, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేది. ఆ పిల్లకు ఏడు రేవులంటే ప్రాణమని కోర్టులో ఆయనే చెప్పాడు, గుర్తుందా? అందుకే ఆయనకు నా మాటలు రాయకుండా పుస్తకంలో మాటలే రాశాను. "చీకటి చేసినవాడికే వెలుగు విలువ తెలుస్తుంది" అన్న ఆ వాక్యం, నూనె పోసిన సంగతి. మీ అమ్మాయి ఇష్టపడ్డ పుస్తకం సాక్షిగా అడుగుతున్నాను అని రాశాను.

ఎలా ఉంది? బాగుందా?

మూడో భాగం మాత్రం పంపు. అట్టలు పీకేసి పంపు.

స్వెట్టరు కొలిచి కుట్టినట్టుంది. అమ్మతో చెప్పు. అమ్మ నా గురించి అడిగిందని రాస్తావే, ఆ రెండు లైన్లు నేను చివరికి అట్టేపెట్టుకుని చదువుతాను.

తమ్ముడు


జూలై 29

తమ్ముడూ,

టైలరుగారికి రాసిన ఉత్తరం వెళ్ళిపోయిందా? వెళ్ళకపోతే ఆపు. వెళ్ళినా ఇంకోటి రాయకు. విచారణకు ఆ పుస్తకం మాట ఎత్తకు. ఎందుకని అడక్కు, కాస్త టైమివ్వు, చెబుతాను.

నేనే వచ్చి చెప్పాలి అసలు. కానీ రానూ పోనూ నాలుగు రోజులు, అమ్మ ఇంకా బాత్రూముకు కూడా నా భుజం పట్టుకునే వెళ్తోంది. ఎవరి మీద వదలను?

ప్రెస్సులో పని మీద మనసు నిలవడం లేదు. నిన్న అచ్చుప్రతిలో ఒక దశాంశ చుక్క వదిలేశాను. అర మిల్లీ మందు ఐదు మిల్లీలు అయ్యేది. కొత్తమ్మాయి పట్టుకుంది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి నా తప్పు ఇంకొకళ్ళు దిద్దారు.

అమ్మ బాగానే ఉంది. తిండి వేళకు తింటున్నావా, పళ్ళు నొప్పి తగ్గిందా అని అడిగింది.

అక్క


ఆగస్టు 17

అక్కా,

పంపిన ఉత్తరం ఎలా ఆపుతాను? జైలు బయట నిలబడి పోస్టుమాన్ సైకిలు పట్టుకోమంటావా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పుస్తకం పంపవు. టైలరుకు రాయొద్దంటావు. విచారణలో నోరెత్తొద్దంటావు. నాలుగు రోజుల ప్రయాణమని రానంటావు. నేనేం చిన్నపిల్లాణ్ణి కాను. నేను బయటికి రావడం నీకు ఇష్టం లేకపోతే ఆ ముక్క సూటిగా రాయి. అమ్మ, నువ్వు ఉన్న రెండు గదుల్లో నాకు చోటెక్కడ? మీ వీధిలో నలుగురూ వేలెత్తి చూపిస్తారు. నాకా మాత్రం తెలియదా? ఆ వీడియో పంపింది నువ్వని నేనెక్కడైనా నోరు జారతానని భయమా? మూడేళ్ళు జారనివాణ్ణి ఇప్పుడు జారతానా?

కోపంలో రాశాను. కొట్టేద్దామనుకున్నాను గానీ కొత్త కాగితం ఇవ్వరు.

ఒక మంచి వార్త ఉంది, నువ్వు ఆనందించినా సరే, మానినా సరే. టైలరుగారు జవాబు రాశారు! ఐదిళ్ళలో ఆయనొక్కరే. రెండే ముక్కలు: "మా అమ్మాయి పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. చదువుతున్నాను." అంతే. చదువుతున్నారట అక్కా! మూడో భాగం దాకా వచ్చేసరికి ఆయనే అర్థం చేసుకుంటారు. వడ్రంగికి చూపిస్తే ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు.

అమ్మకు పళ్ళు నొప్పి లేదని చెప్పు. నాకు పళ్ళు నొప్పి ఉందని ఎప్పుడు రాశానో నాకే గుర్తులేదు, అమ్మకు గుర్తుంది.

తమ్ముడు


సెప్టెంబరు 2

తమ్ముడూ,

ఇది పైకి చదవకు. ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

నీకు ఎనిమిదేళ్ళు, నాకు పన్నెండు. పక్కింటివాళ్ళు ఊరెళ్తూ కుందేళ్ళను నీకు అప్పగించారు. నువ్వు గూటి తలుపు వేయడం మర్చిపోయావు. కుక్కలు పడ్డాయి. ఆరు కుందేళ్ళు. తర్వాత పదకొండు రోజులు నీకు జ్వరం. ఏదీ తినలేదు. గోడవైపు తిరిగి పడుకుని "నేనే, నేనే" అనేవాడివి. నేను లైబ్రరీ నుంచి తెచ్చిన ఏడు రేవులు చదువుతుంటే మాత్రం ఇటు తిరిగేవాడివి.

మూడో భాగంలో దీపం ఆరిపోయింది. నువ్వు లేచి కూర్చున్నావు. "ఇప్పుడు వాణ్ణి ఏం చేస్తారే?" అన్నావు. నా కళ్ళు ఒక వాక్యం ముందున్నాయి. అక్కడేముందో చూశాను. నోటితో వేరేది చదివాను.

పుస్తకంలో ఉన్నది ఇది. మా ప్రెస్సు పద్ధతిలో, మూలంతో రెండుసార్లు సరిచూసి రాస్తున్నాను:

"ఊరివాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో రాయి తెచ్చారు. వరసలో వచ్చి అతని కోటు జేబుల్లో వేశారు. ఎవరూ తిట్టలేదు. జేబులు నిండాక ముసలి విధవరాలు గుండీలు పెట్టింది. 'ఇక వెళ్ళు' అంది. అతను కట్ట చివరిదాకా నడిచి ఆగకుండా ముందుకు నడిచాడు."

నూనె లేదు. గరిటె లేదు. "దీపం వాడికే ఇవ్వండి" అన్నది ఆ విధవరాలు కాదు, నేను. ఆ పూట నువ్వు రెండు గ్లాసుల పాలు తాగావు.

ఒకసారి బతికించాక ఇక చంపడానికి వీల్లేకపోయింది. నాలుగో భాగంలో దీపాలవాడి మాటలన్నీ నేను కల్పించినవే. ఐదో భాగంలో తెల్ల ఓడకు దారి చూపించేది అసలు ఒక చేపలమ్మే పిల్ల. నువ్వు పెద్దయ్యాక చదువుకుంటావు, నవ్వుకుంటాం అనుకున్నాను. నువ్వు చదవలేదు. తర్వాత చెప్పే వేళ దొరకలేదు, దొరికినప్పుడు నోరు రాలేదు. తప్పులు దిద్దడం నా బతుకుతెరువు. కంచే చేను మేసిందంటే ఇదే.

నువ్వు బయటికి రావడం నాకిష్టం లేదని రాశావు. ఆ మాటకు ఏడ్చాను. ఆ వీడియో పంపి "చూడు, వచ్చేసింది!" అని రాసింది నేను. నువ్వు డ్యూటీలో ఉన్నావని తెలిసి పంపాను, ఆగలేక. నీ శిక్షలో సగం నాది. అది నువ్వొక్కడివే మోస్తుంటే నేనిక్కడ కామాలు దిద్దుకుంటున్నాను.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. టైలరుగారు ఆ పేజీకి వచ్చేలోగా ఆయనకు రాయి. చిన్నప్పుడు మా అక్క తప్పుగా చదివింది, నాకు తెలియదు అని రాయి. తప్పు నా మీద వెయ్యి. కావాలంటే నేనూ రాస్తాను.

అమ్మ నీకు ధైర్యంగా ఉండమని చెప్పింది.

అక్క


అక్టోబరు 5

అక్కా,

నెల దాటింది, నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నా కోపపు ఉత్తరానికి అలిగావా? అలిగితే అలిగావు గానీ, నువ్వు చెప్పిందే జరిగింది. నాశనం చేశారు.

నిన్న సాయంత్రం. నాలుగు నుంచే జనం నేల మీద చోటు పట్టుకుని కూర్చున్నారు. అదే సమయానికి ఏదో పెద్ద మ్యాచ్ ఉంది, అయినా ఓటు పెడితే సీరియలే గెలిచింది. వడ్రంగి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. వార్డరు కూడా కుర్చీ తెచ్చుకున్నాడు, మేం అల్లిన కుర్చీయే.

అక్కా, మొదలే దానితో మొదలెట్టారు. మూడో భాగంలోది తెచ్చి తొలి పది నిమిషాల్లో పెట్టారు. దీపం ఆరింది. పడవలు పగిలాయి. ఊరు కట్టమీదికి వచ్చింది. నేను వడ్రంగి మోచేతిని పొడిచి "ఇదిగో, ఇప్పుడే" అన్నాను. వాళ్ళ చేతుల్లో గరిటెలు లేవు. రాళ్ళున్నాయి.

జేబుల్లో రాళ్ళు వేసి సముద్రంలోకి నడిపించారు. నీళ్ళమీద టోపీ తేలింది. అప్పుడు "ఏడు రేవులు" అని పేరు పడింది.

హాల్లో ఎవరూ టీవీ చూడడం లేదు, అందరూ నన్ను చూస్తున్నారు. నేను లేచి అరిచాను. "అబద్ధం! పుస్తకంలో ఇలా లేదు! మా అమ్మ మీద ఒట్టు!" అని. వార్డరు కూర్చోమన్నాడు. వడ్రంగి మాత్రం అడిగాడు, "నువ్వు కళ్ళారా చదివావా?" అని. చదివానన్నాను. ఏం చేయను మరి? నువ్వు చదివితే నేను చదివినట్టు కాదా?

ఈ పూట పొద్దున్నే టైలరుగారికి ఇంకో ఉత్తరం రాసి పోస్టులో వేశాను. ఆయన కూడా చూసే ఉంటారు కదా. "టీవీలో చూపించింది నమ్మకండి, పుస్తకంలో క్షమించారు, మీ అమ్మాయి పుస్తకం తీసి చూడండి" అని రాశాను. విచారణలో కూడా అదే చెబుతాను.

అమ్మ చూసిందా సీరియల్? ఏమంది? ఈసారి ఉత్తరం ఆలస్యం చేయకు.

తమ్ముడు


అక్టోబరు 17

తమ్ముడూ,

సెప్టెంబరు 2న రాసిన ఉత్తరం నీకు అందలేదా? నాలుగు పేజీలు. నేను అలగలేదురా. ఆ ఉత్తరం అడుగు. ఆఫీసులో ఎవరి బల్ల మీద ఉందో అడుగు. అది చదవకుండా విచారణకు వెళ్ళొద్దు.

మళ్ళీ రాస్తున్నాను, మూడు ముక్కల్లో: టీవీలో చూపించిందే పుస్తకంలో ఉంది. నూనె నేను కల్పించాను. టైలరుగారికి క్షమాపణ చెప్పు.

ఆయనకు కూడా రాశాను, కోర్టు కాగితాల్లో ఉన్న పాత అడ్రసుకు. నిన్న తిరిగొచ్చింది. ఇల్లు మారారట. కొత్త అడ్రసు ఆయన నీకు రాసిన జవాబు మీదే ఉంటుంది.

అమ్మ బాగుంది.

అక్క


నవంబరు 20

అక్కా,

నీ ఉత్తరాలు రెండూ ఒకేరోజు ఇచ్చారు. విచారణ జరిగిన మర్నాడు. "రాళ్ళు, జేబులు, ఇక వెళ్ళు" అని వేరే సిరాతో రాసి, చుట్టూ గీత గీశావు కదా. అది ఏదో సంకేతమనీ, ఆత్మహత్యకు ప్రోత్సాహమనీ అనుమానం వచ్చి పక్కన పెట్టారట. రెండోది దానికి జతపరిచారు. విచారణ అయిపోయాక ముద్ర వేసి నా చేతికిచ్చారు. నీ కంటే శ్రద్ధగా చదివేవాళ్ళు ఇక్కడా ఉన్నారు.

విచారణ గది చిన్నది. ముగ్గురు సభ్యులు, ఒక బల్ల, గోడకు ఆగిన గడియారం. టైలరుగారు వచ్చారు. బాగా చిక్కిపోయారు. చేతిలో మూడో భాగం ఉంది, గుర్తుకు పేజీలో బట్ట ముక్క పెట్టుకున్నారు. నన్ను ముందు మాట్లాడమన్నారు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. గంట మోగిందీ, నేను వినిపించుకోనిదీ, ఐదుగురి పేర్లూ. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నూనె సంగతి కూడా చెప్పాను. పుస్తకం చూపించి "అందులోనే ఉంది సార్" అన్నాను.

ఆయన పుస్తకం తెరిచి ఆ పేజీ చదివారు. నెమ్మదిగా, వేలు పెట్టుకుని చదివారు. గుండీలు పెట్టింది అన్న ముక్క రెండోసారి చదివారు. తర్వాత సభ్యులతో అన్నారు. "మొదటి ఉత్తరం వచ్చినప్పుడు ఇతన్ని వదిలేయమని చెబుదామనే అనుకున్నానండీ. మా అమ్మాయికి నచ్చిన పుస్తకంలో అంత మంచి మాట ఉందా అని వెతుక్కుంటూ చదివాను. నాకు చదువు తక్కువ, మూడు నెలలు పట్టింది. అందులో ఆ మాట లేదు. అది చాలక, ఉంది చూడు అని మళ్ళీ రాశాడు. నన్ను ఏమనుకున్నాడో తెలియదు. ఇతన్ని ఉంచండి, వదలండి, నాకు అనవసరం. మా అమ్మాయి పుస్తకంలో లేనిదాన్ని ఉందని చెప్పొద్దనండి."

ముగ్గురూ ఐదు నిమిషాలు కూడా తీసుకోలేదు. ఇంకా రెండేళ్ళు.

కోపం వచ్చింది అక్కా. చాలా వచ్చింది. నీ ఉత్తరం చింపుదామని పట్టుకున్నాను కూడా. ఆ రెండు గ్లాసుల పాల దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆ రుచి నాకింకా గుర్తుంది. నువ్వు ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చదివి ఉంటే నేనేమయ్యేవాణ్ణో నాకు తెలియదు. కానీ ఇప్పుడు ఏమయ్యానో తెలుసు కదా.

షెడ్డులో అందరికీ నిజం చెప్పేశాను. తిడతారనుకున్నాను, లారీ పెద్దాయన తప్ప ఎవరూ తిట్టలేదు. వడ్రంగి మాత్రం "అయితే మనల్ని క్షమించింది ఒక్క చిన్నపిల్లేనా?" అన్నాడు. ఆ తర్వాత తన పీట గోడ పక్కకు జరుపుకున్నాడు. మళ్ళీ "ఊఁ", "ఉహూఁ" మొదలయ్యాయి. మిగిలిన ఆదివారాలు హాల్లో మ్యాచ్ పెడుతున్నారు.

టైలరుగారికి సభ్యుల ద్వారా ఒక్క కాగితం పంపాను. పుస్తకం చదవకుండా రాశాను, క్షమించమని కాదు, తెలియజేస్తున్నాను అని. జవాబు రాదు. రాకూడదు కూడా.

ఇక ఒక్కటే అడుగుతాను. ప్రతి ఉత్తరం చివరా అమ్మ అడిగిందని రాస్తావు. స్వెట్టరు రంగు చూసిందంటావు, పళ్ళు నొప్పి గుర్తుంచుకుందంటావు. నాకు ఇక్కడ పళ్ళు నొప్పి ఎప్పుడూ రాలేదక్కా. ఆలోచిస్తే గుర్తొచ్చింది. మూడేళ్ళలో అమ్మ చేతిరాత ఒక్క ముక్క కూడా నేను చూడలేదు. అమ్మ నిజంగా అడిగిందా? ఉన్నది ఉన్నట్టు రాయి. నూనె పొయ్యకు.

తమ్ముడు


డిసెంబరు 9

తమ్ముడూ,

లేదు. ఒక్కసారి కూడా అడగలేదు.

స్వెట్టరు నేను కొన్నాను. పళ్ళు నొప్పి నేను కల్పించాను. తీర్పు వచ్చిన రోజు అమ్మ గోడ మీది నీ ఫోటో తీసి బీరువాలో దుప్పట్ల అడుగున పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది. తుంటికి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ పిల్లలెంతమంది అని అడిగితే, కూతురొక్కతే అంది. నీ ఉత్తరాలు నేను చదువుతుంటే లేవలేని మనిషి లేచి వంటగదిలోకి వెళ్ళిపోతుంది. ఇదీ ఉన్నది.

మూడో భాగం వేరే కట్టలో పంపుతున్నాను. అట్టలు పీకేశాను, కుట్లు నేనే వేశాను. నూట ఎనభై ఏడో పేజీ. పేజీ అంచున చిన్నప్పుడు నేను పెన్సిల్‌తో రాసుకున్నది ఉంటుంది, "నూనె" అని. ముందు చెరుపుదామనుకున్నాను. తర్వాత అదీ ఉన్నదే కదా అని వదిలేశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే అమ్మకు ఒక సంగతి చెప్పాను. చెప్పాల్సి మూడేళ్ళయింది. ఆ రోజు తమ్ముడు చూస్తున్న వీడియో పంపింది నేనమ్మా, డ్యూటీలో ఉన్నాడని తెలిసే పంపాను అన్నాను. అమ్మ తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఆపలేదు. అన్నీ మడతపెట్టి, మడతపెట్టినవి విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఆ తర్వాత మూడు రోజులు నాతో కూడా మాట్లాడలేదు. ఇల్లంతా కుక్కరు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక నేనూ దుప్పట్ల అడుక్కి పోయాననుకున్నాను.

నాలుగో రోజు పొద్దున, బాత్రూము నుంచి నా భుజం పట్టుకుని వస్తూ మధ్యలో ఆగింది. ఆయాసమేమో అనుకున్నాను. అక్టోబరులో మొదటి ఆదివారం అమ్మ కూడా నా పక్కనే కూర్చుని ఆ సీరియల్ చూసింది, నీకు రాయలేదు. అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడు రెండు నెలల తర్వాత, గోడకు చెయ్యి ఆనించి నన్ను అడిగింది.

"ఆ దీపాలవాడికి అమ్మ లేదా?"

"పుస్తకంలో లేదమ్మా" అన్నాను.

"ఊఁ" అంది. మంచం దాకా నడిచి, అటు తిరిగి పడుకుంది.

అంతే తమ్ముడూ. నీ పేరు ఎత్తలేదు. ఫోటో తీయమనలేదు. ఇక్కడ ఇంకొక్క మాట రాయమని నా చెయ్యి లాగుతోంది, నీకూ తెలుసు ఏం మాటో. రాయడం లేదు.

అక్క